కాయలు మద్రాసుకి, పిల్ల వైజాగుకి

హలో! ఆఁ, నేనేనండీ, ముసునూరు బాబాయిని. భోజనాలయ్యాయా? కాస్త తీరికుంటే అలా కూర్చోండి, ఒక సంగతి చెప్పాలి.

మొన్న మా మేనల్లుడు ఫోన్ చేశాడు. డాక్టరు చదువు అయిపోయింది వాడికి. హైదరాబాదులో ఇంత ఇస్తారట, బెంగుళూరులో అంత ఇస్తారట, ఎక్కడ చేరమంటావు మావయ్యా అని అడుగుతాడు. నేను తొమ్మిదో క్లాసు సగంలో పలక పారేసినవాణ్ణి, డాక్టర్ల జీతాలు నాకేం తెలుస్తాయండీ? కానీ సరిగ్గా ఇదే చిక్కు మా ఇంట్లో ఒకసారి వచ్చింది. నేను పుట్టడానికి చాలా ముందు, నలభై తొమ్మిదో సంవత్సరం వేసవిలో. మా అమ్మమ్మ, పెద్దమ్మ చెబితే విన్నది. వాడికి చెప్పిందే మీకూ చెబుతాను.

మా తాతయ్య లక్ష్మీనరసింహారావు గారికి, ఆయన అన్న వీరరాఘవయ్య గారికి కలిపి ముసునూరు పక్కన మామిడితోట ఉండేది. ఇద్దరిదీ ఉమ్మడి సంసారం, పెత్తనం మాత్రం అన్నగారిది. తాతయ్య పెద్దకూతురు ప్రమీలారాణి, అంటే మా పెద్దమ్మ, ఆ ఏడే రాయవేలూరులో డాక్టరు చదువు పూర్తి చేసుకుని ఇంటికొచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళలో డాక్టరు చదివిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. కొత్తగా పాసైన డాక్టర్లు కావాలని రెండు ఊళ్ళ ఆసుపత్రుల వాళ్ళు పిలిచారు. ఒకటి మద్రాసు, రెండోది వైజాగు.

ఆ మాట తెలియగానే వీరరాఘవయ్య గారు అందరినీ వసారాలో కూర్చోబెట్టి తీర్పు చెప్పేశారు.

"ఇన్నేళ్ళూ తోట మీద వచ్చిందంతా పోసి చదివించాం. సంతోషం. ఇక జీతం వస్తుంది కాబట్టి ఇంటి నుంచి పైసా పంపేది లేదు. చాలలేదని రాసిందో, మర్నాడే పెట్టె సర్దుకుని వచ్చి ఇంట్లో కూర్చోవాలి. జీతగాళ్ళకి మనం డబ్బు పంపడమేంటి, విస్సన్నపేట దాకా నవ్వుతారు."

"సరే పెదనాన్నగారూ," అంది పెద్దమ్మ.

సరే అనేసింది గానీ ఆమెకి దిగులు పట్టుకుంది. మర్నాడు తోటలోకి వెళ్ళింది. సీజను మంచి ఊపు మీద ఉంది. పాక ముందు కాయలు గుట్టలు పోసి ఉన్నాయి. తాతయ్య ఒక్కొక్క కాయ తిప్పి చూస్తూ, దెబ్బ తగిలినవి ఇటు, మంచివి అటు వేస్తున్నాడు. పెద్దమ్మ ఆయన ఎదురుగా గడ్డి మీద కూర్చుంది.

"నాన్నగారూ, మద్రాసు వాళ్ళు నెలకి నూరు ఇస్తామన్నారు. వైజాగు వాళ్ళు డెబ్బై."

"ఇంకేం, మద్రాసే!"

"నాకూ మనసు అటే ఉందండీ. పెద్ద ఆసుపత్రి. కానీ సరిపోతుందా అని."

"నూరు సరిపోకపోతే డెబ్బై సరిపోతుందా ఏంటమ్మా?"

"అదే తెలియట్లేదు. ఆ రెండు ఊళ్ళలో నేనెప్పుడూ ఉండలేదు. చేరాక చాలకపోతే ఏం చేస్తాను? పెదనాన్నగారు రెండోసారి నన్ను గడప దాటనిస్తారా? నేను కోటు మడిచి పెట్టెలో పెట్టుకోవడమే."

తాతయ్య చేతిలో కాయ ఆగింది. ఒక్క నిమిషం ఆలోచించి పెద్దగా నవ్వాడు.

"ఊరి సంగతి తెలుసుకోవడం ఎంత పనే పిచ్చిదానా! రెండు చోట్లా మన కాయ అమ్మి చూస్తే సరి."

మా తాతయ్య ప్రపంచాన్ని అలాగే కొలిచేవాడండీ. ఆయన చదివింది తక్కువ, తిరిగింది ఎక్కువ. ఏ ఊరెళ్ళినా గంపలు బండికెక్కించుకునే వెళ్ళేవాడు. తన తోట రసం మామిడికి మంచి ధర పెట్టిన ఊరు మంచి ఊరు, బేరాలాడి ఏడిపించింది పిసినారి ఊరు. ఆ లెక్కన బెజవాడ పెద్దమనిషి, బందరు పర్వాలేదు, ఏలూరు గీచిగీచి బేరమాడే ముసలమ్మ.

"మరి మా ఉంగుటూరో?" అనేది అమ్మమ్మ, పుట్టింటి మీద మాట పడనిస్తుందా.

"మీవాళ్ళసలు మామిడిపండు కొంటే కదా చెప్పడానికి. అల్లుడి తోట ఉందిగా!"

మర్నాటి నుంచే బుట్టలు కట్టడం మొదలైంది. అడుగున వరిగడ్డి, మధ్యలో వరిగడ్డి, పైన గోనె. కాయలు కోసే బుచ్చయ్య తాడు బిగిస్తూ అడిగాడు.

"అయ్యగారూ, తమరు వెళ్తోంది అమ్మాయిగారి ఉద్యోగం చూడటానికా, కాయ అమ్మటానికా?"

"రెండూ ఒకటేరా," అన్నాడు తాతయ్య.

ముందు వైజాగు వెళ్ళాడు. వాల్తేరు స్టేషన్లో బుట్టలు దించుకుని, జట్కా మీద మార్కెట్టుకి చేరి, గోనె తీశాడు. ఒక్కడూ దగ్గరికి రాలేదు. ఎటు చూసినా బుగ్గలు ఎర్రబడ్డ సువర్ణరేఖ మామిడిపండ్లు కొండల్లా పోసి ఉన్నాయి. అక్కడి పండ్ల మండీ యజమాని నారాయణరావు అనే ఆయన ఒక రసాన్ని చేతిలోకి తీసుకుని, వాసన చూసి, పెట్టేశాడు.

"పండు మంచిదే బాబూ. కానీ సముద్రానికి ఉప్పు మోసుకొచ్చినారేటి? మా కాయలే అడిగీవోడు లేక పడున్నాయి. మీ రసాలు ఎవలు తింతారు?"

"ఇవి నూజివీడు రసాలండీ!"

"అయితే నూజివీట్లోనే అమ్ముకోవలసింది."

ఆ మాటకి తాతయ్యకి ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం దాకా కూర్చుని, రూపాయికి పన్నెండు చొప్పున వదిలించుకున్నాడు. రైలు ఛార్జీలు వస్తే చాలనిపించింది.

ఆ సాయంత్రమే ఆసుపత్రికి కూడా వెళ్ళి చూశాడు. మగ్దలేనమ్మ గారని అక్కడ పెద్ద నర్సు. ఆవిడ ఎంతో మర్యాదగా వెంటబెట్టుకుని, ఆవరణలో కొత్త డాక్టరమ్మలుండే గదులు చూపించింది. కిటికీ తీస్తే సముద్రపు గాలి. "దీనికి అద్దె లేదండి. పాలామె వాకిట్లోకే వచ్చి పోస్తాది. భోజనానికి అందరూ కలిసి వంటమనిషిని పెట్టుకున్నారు," అని చెప్పింది. తాతయ్య తలూపాడు. విన్నాడు గానీ చెవికెక్కలేదు. నారాయణరావు గారు రసాన్ని వెనక్కి పెట్టేసిందే కళ్ళ ముందు ఆడుతోంది.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూనే చెప్పేశాడు. "దరిద్రపు ఊరు. పండు విలువ తెలియని మనుషులు. అక్కడ మనకేం పని?"

పెద్దమ్మ ఏదో అడగబోయింది. అమ్మమ్మ కళ్ళతోనే ఆపింది. కాయ అమ్ముడుపోని రోజున ఆయనతో ఎవరూ మాట్లాడరు, అది మా ఇంటి ఆనవాయితీ.

తర్వాత మద్రాసు. ఈసారి ఏరి ఏరి కట్టించాడు బుట్టలు. కొత్తవాల్ చావిడి మార్కెట్లో గోనె అలా తీశాడో లేదో, ఆ వాసనకి జనం మూగారు. "నూజివీడా?" అని తెలుగులో అడిగేవాళ్ళు, అరవంలో అడిగేవాళ్ళు. ఒకడు చెప్పిన ధర మీద ఇంకొకడు ఎక్కించాడు. పొద్దెక్కకముందే బుట్టలు ఖాళీ. మండీ గుమాస్తా ధర చెబితే తాతయ్య నమ్మలేక మళ్ళీ చెప్పించుకున్నాడు. తన కాయకి అంత ధర ఆయన పుట్టి బుద్ధెరిగి వినలేదు.

"ఊరంటే ఇదిరా!" అని పైకే అనేశాడట, పక్కన తెలిసినవాళ్ళెవరూ లేకపోయినా.

ఆ ఊపులో హోటలుకి వెళ్ళాడు. భోజనానికి చెప్పిన డబ్బు వింటే మన ఊళ్ళో ఇంటిల్లిపాదీ తినొచ్చు. కూర మళ్ళీ వెయ్యమంటే సర్వరు దానికి వేరే డబ్బులన్నాడు. తాతయ్యకి కోపం రాలేదు, మురిసిపోయాడు. గొప్ప ఊరు, గొప్ప ధర! పెరుగుకీ వేరే, అప్పడానికీ వేరే. అన్నీ ఇచ్చి, వక్కపలుకు నోట్లో వేసుకుని, ట్రామెక్కి పెద్దమ్మని రమ్మన్న ఆసుపత్రి దగ్గర దిగాడు.

ఆసుపత్రి గేటు పక్కన ఒక తోపుడుబండి. దాని మీద పండ్లు చూడగానే తాతయ్య ఆగిపోయాడు. తన రసాలే. పొద్దున్న చావిడిలో కొనుక్కున్నవాడే ఆ బండివాడు. వాడు కూడా తాతయ్యని గుర్తుపట్టాడు.

"రండి సామీ, మీ పళమే! చూడండి ఎట్టా ఉందో!"

తాతయ్య గేటు లోపలికి వెళ్ళడం మానేసి బండి పక్కన నిలబడ్డాడు. తన పండు ఊళ్ళోవాళ్ళ చేతుల్లోకి వెళ్తుంటే చూడాలనే సరదా ఏ రైతుకైనా ఉంటుంది.

ఇంతలో ఇద్దరు ఆడపిల్లలు బయటికొచ్చారు. చీరల మీద తెల్లకోట్లు. నిద్ర లేని మొహాలు. అందులో ఒకమ్మాయి బండి దగ్గర ఆగి, ఒక రసం తీసుకుని, తొడిమ దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. తాతయ్య లోపల్లోపల మెచ్చుకున్నాడు. పండు తెలిసిన పిల్ల!

"ఎంత?"

"నాలుగణాలు అమ్మా."

"ఎన్ని?"

"ఒకటి అమ్మా, నూజివీడు పళం!"

ఆ అమ్మాయి పండుని ఇంకొకసారి వాసన చూసింది. మళ్ళీ నెమ్మదిగా, నలగకుండా, తొడిమ పైకి వచ్చేట్టు దాని చోట్లో పెట్టేసింది.

"రేపు చూద్దాంలే."

"ఈ రేపు ఎప్పటి నుంచి నడుస్తోందే సుభద్రా?" అంది రెండో అమ్మాయి నవ్వుతూ.

"జీతం వచ్చేదాకా నడుస్తుంది. నువ్వు పద."

తాతయ్య ఉండబట్టలేకపోయాడు. "అమ్మాయ్, మీరు తెలుగువాళ్ళా?"

"నెల్లూరండీ."

"డాక్టరమ్మలేగా? నెలకి నూరు ఇస్తారటగా ఇక్కడ?"

ఆ సుభద్ర అనే అమ్మాయి ఆయన్ని ఎగాదిగా చూసింది. పల్లెటూరి పెద్దాయన, భుజాన కండువా, దాని మీద మామిడి జీడి మరకలు. మొహమాటపడకుండా చెప్పింది.

"ఇస్తారండీ, ఎందుకివ్వరు. గదికి ముగ్గురం కలిసి ఉంటున్నాం, అయినా మూడోవంతు అక్కడే పోతుంది. మెస్సుకి ఇంకో మూడోవంతు. ట్రాము, పాలు, చాకలి. కోటు తెల్లగా లేకపోతే మా పెద్ద డాక్టరమ్మ వార్డులోకి రానివ్వదు. చాకలేమో ఒక్కో కోటుకి లెక్క. నెలాఖరుకి మా నాన్నకి ఉత్తరం."

"ఆయన పంపుతారా?"

"పంపుతారు. పంపకపోతే ఈపాటికి నెల్లూరు రైల్లో ఉండేదాన్ని."

తాతయ్య ఇందాక ఆ పిల్ల వెనక్కి పెట్టిన పండు వైపు చూశాడు. పండు తనది. పొద్దున్న తనను మురిపించిన ధర కూడా తనదే.

జేబులో చెయ్యి పెట్టి, "ఒక్క పండు నేనిప్పిస్తానమ్మా, తీసుకో. నా తోటదే," అన్నాడు.

సుభద్ర నవ్వేసింది. "వద్దు బాబాయిగారూ. ఎవరో కొనిపెడితే తినడానికా మా నాన్న నన్ను డాక్టర్ని చేసింది? మీ తోట చల్లగా ఉండాలి. మీకూ ఇంకా మంచి ధర రావాలి."

నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు ఇద్దరూ. తాతయ్య గేటు లోపలికి వెళ్ళనేలేదు. అక్కడినుంచే వెనక్కి తిరిగి స్టేషనుకి నడిచాడు.

రైల్లో ఆయనకి వైజాగు గుర్తొచ్చింది. ఆ రోజు తిట్టుకుంటూనే హోటల్లో కడుపు పట్టినంత తిన్నాడు. ఎన్నిసార్లు వడ్డించినా వేరే డబ్బులని ఎవరూ అనలేదు. అద్దె లేని గది, వాకిట్లో పాలు అని మగ్దలేనమ్మ గారు చెప్పినవన్నీ అప్పుడు చెవికెక్కాయి. ఒక్క పండే కాదు, ఆ ఊళ్ళో దేనికీ పెద్ద ధర లేదు.

ఇంటికొచ్చేసరికి వసారాలో వీరరాఘవయ్య గారు వక్కలు కత్తిరించుకుంటున్నారు. పెద్దమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆ వారంలోపు ఆమె ఏదో ఒక ఊరికి వస్తానని జవాబు రాయాలి.

"ఏరా నరసింహం, మద్రాసులో ధర ఎట్లా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది అన్నయ్యా. మన జన్మలో అంత ధర చూడలేదు."

"ఇంకేం! అయితే పిల్ల మద్రాసుకే."

"కాదన్నయ్యా. వైజాగుకి."

అడకత్తెర ఆగింది. "ఎండదెబ్బ తగిలిందా నీకు? ఆ ఊళ్ళో మన కాయ మొహం చూసినవాడు లేడని నువ్వేగా చెప్పావు. రూపాయికి పన్నెండు పారబోసి వచ్చావు."

"అందుకే వైజాగంటున్నాను."

"అర్థమయ్యేట్టు ఏడువు."

తాతయ్య కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. "మనం ఎక్కడికెళ్ళినా అమ్ముకునేవాళ్ళం అన్నయ్యా. ఎంత పలికితే అంత సంతోషం మనకి. పిల్ల అక్కడ అమ్ముకోదు, కొనుక్కుంటుంది. నాకు ఆ సంగతి తట్టలేదు, అంతే."

అమ్మమ్మ లోపల్నుంచి మజ్జిగ తెచ్చి తాతయ్య చేతికిచ్చింది. వీరరాఘవయ్య గారు కత్తిరించిన వక్కని నోట్లో వేసుకోకుండా అరచేతిలో అటూ ఇటూ దొర్లించారు.

"అయితే నూరు చిన్నది, డెబ్బై పెద్దది అంటావు."

"ఆ రెండు ఊళ్ళకీ, అంతే."

"సరే. ఏడువు. కాయలు మద్రాసుకి పంపు, పిల్లని వైజాగుకి పంపు," అన్నారాయన. మళ్ళీ గుమ్మం వైపు చూసి, "ఏమే డాక్టరమ్మా, పెద్దాసుపత్రి పోయిందని మనసులో బాధేం లేదుగా?" అని అడిగారు.

పెద్దమ్మ వెంటనే లేదనలేదు. "కొంచెం ఉంది పెదనాన్నగారూ. కానీ కాన్పులు ఏ ఊళ్ళో అయినా ఒకటేగా. ముందు నా కాళ్ళ మీద నన్ను నిలబడనివ్వండి. మద్రాసు ఎక్కడికీ పోదు."

"నోరు మాత్రం బాగా నేర్చింది రాయవేలూరులో," అన్నారు. అన్నారు గానీ వక్క నోట్లో వేసుకుని నవ్వారు.

జూన్ మొదట్లో తాతయ్యే తీసుకెళ్ళి దించి వచ్చాడు. దించి వచ్చాక తోటలో ఆయనకి కాలు నిలవలేదట. టపావాడు కనపడితే చాలు ఎదురుపరుగు. చాలలేదని రాస్తుందేమో, అన్నయ్య ఏమంటాడో అని. ఉత్తరాలు వచ్చేవి. ఒంట్లో బాగుంది, మొదటి కాన్పు చేశాను, ఆడపిల్ల పుట్టింది, ఇలాంటివే ఉండేవి వాటిలో. డబ్బు మాట ఉండేది కాదు. చాలుతోందనీ లేదు, చాలట్లేదనీ లేదు. దాంతో ఆయనకి అనుమానం ఇంకా పెరిగింది. పస్తులుండి దాస్తోందేమో అనుకున్నాడు.

తోటలో ఆఖరి కాయ దిగి, చెట్లకింద దుక్కి మొదలుపెట్టగానే మళ్ళీ రైలెక్కాడు. ఈసారి వెంట బుట్టల్లేవు. వట్టి చేతులతో ఊరు దాటడం ఆయనకి అదే మొదలు.

వెళ్ళేసరికి పెద్దమ్మ వార్డులో ఉంది. ఆయన గదిలో కూర్చుని అన్నీ పరీక్షగా చూశాడు. ఉట్టి మీద పెరుగు గిన్నె ఉంది. కొక్కేనికి ఉతికి ఇస్త్రీ చేసిన కోటు ఒకటి వేలాడుతోంది. డబ్బాలో బియ్యం ఉన్నాయి, మూత తీసి మరీ చూశాడు.

సాయంత్రం వచ్చింది పెద్దమ్మ. కళ్ళకింద నలుపు, మొహం మాత్రం కళకళలాడుతోంది. చేతిలో చిన్న పొట్లం.

"ఎప్పుడొచ్చారు నాన్నగారూ! అమ్మ బాగుందా? ఉండండి, చేతులు కడుక్కోండి."

పొట్లం విప్పింది. అందులో మామిడిపండ్లు, మూడు. ఎవరో కొండవాళ్ళు దించిన ఆఖరి కోత నాటుకాయలు. చర్మం మీద మచ్చలు, ఒకటి కాస్త వంకర.

"ఎక్కడివమ్మా ఇవి?"

"కొన్నాను."

తాతయ్య ఆ మాట ఎన్నడూ విననట్టు చూశాడు. "కొన్నావా? ఎంతకి?"

"బేడకి మూడు, రెండణాలేగా. నిన్న జీతమిచ్చారు. మెస్సుకీ, పాలకీ కట్టేశాను. పోస్టాఫీసులో కొంచెం వేశాను. ఇంకా మిగిలింది నాన్నగారూ."

"బేడకా! మోసపోయావు. అణాకివ్వాల్సిన సరుకు ఇది."

"పోనివ్వండి. మీరూ ఇలా ఎక్కువకి ఎన్ని అమ్మలేదు జనానికి! తినండి ముందు."

తాతయ్య ఒక పండుని రెండు అరచేతుల మధ్య పెట్టి మెత్తగా నలిపాడు. తొడిమ దగ్గర కొరికి, మొదటి చుక్క పారబోసి, నోటికి పెట్టుకున్నాడు. పీచు. పులుపు. ఆయన తోటలో అయితే గేదెలకి వేసే రకం. కూతురు ఎదురుగా పీట మీద కూర్చుని ఆయన్నే చూస్తోంది. ఆయన మాట్లాడకుండా రసమంతా జుర్రుకుని, తోలు చీల్చి గీకి, టెంక తెల్లబడేదాకా చీకాడు. మోచేతి దాకా కారినదాన్ని కూడా వదల్లేదు.

తర్వాత కండువాతో మూతి తుడుచుకుని, చెయ్యి చాపాడు.

"ఇంకోటివ్వమ్మా."

అదండీ సంగతి. మీ ఇళ్ళలో గానీ, మీ ఎదురింట్లో గానీ కొత్తగా డాక్టరు పాసై రెండు ఊళ్ళ మధ్య ఊగుతున్న పిల్లో పిల్లాడో ఉంటే, ఈ ముక్క వాళ్ళ ఫోనుకి పడేయండి. వాళ్ళమ్మానాన్నలకి కూడా ఒకటి పంపండి, వాళ్ళే ఎక్కువ చదవాలి. ఉంటానండీ మరి.